ఆ తీగ మీద ఇంకెవరు?

ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే. ఏ.ఎస్. రావు నగర్‌లో మా చిన్న కంపెనీకి సోల్డరింగ్ చేసే పెద్దాయన. ఊరంతా సాఫ్ట్‌వేర్ కోర్సుల వెంట పడిన రోజుల్లో, శ్రీకాకుళం నుంచి వచ్చి నేనక్కడ ఇంజనీరుగా చేరాను.

బోర్డుకు బిగించిన చిప్‌లోకి ప్రోగ్రాం ఎక్కించాలి. మూడు రోజులైనా ఎక్కదు. తెర మీద ఒకటే మాట, చిప్ కనబడలేదని. కేబుల్ మార్చాను, చిప్‌లు మార్చాను. శనివారం సరుకు వెళ్లకపోతే నా ఉద్యోగం ఉండదన్నాడు యజమాని.

ఆయన మాత్రం టీ గ్లాసుతో వచ్చి, బోర్డు మీద ఒక తీగ చూపించి, చుట్టాల గురించి వాకబు చేసినట్టు రోజూ అదే ప్రశ్న. "ఆ తీగ మీద ఇంకెవరున్నరు సార్?"

"ఎవరూ లేరండీ!" అనేవాణ్ణి, ఒళ్లు మండి.

శుక్రవారం విసుగుతో, ఆయన చూపించే ఆ తీగ, చిప్‌ను రీసెట్ చేసే తీగ, వెంట వేలు పోనిస్తే ఒక కెపాసిటర్ తగిలింది. చిప్ ఊరికే రీసెట్ కాకూడదని నేనే పెట్టించింది. ప్రోగ్రాం ఎక్కాలంటే ఆ తీగ మీద చటుక్కున పెరగాల్సిన వోల్టేజీని అది పెరగనివ్వడం లేదు. దాని కాలొకటి లేపగానే ప్రోగ్రాం ఎక్కేసింది.

"మీకు ముందే తెలుసా?" అని అరిచాను.

"తెల్వకేంది సార్? నాతోనే పెట్టిచ్చిన్రు గద. ఇంజనీర్ సారు పెట్టిచ్చినదాన్ని పీకమని నేనెట్ల చెప్త?"