పాత వైర్ల మీద కొత్త బోర్డులు

పలాసలో ఒక ప్రైవేటు బడిలో నేను టీచరుగా చేరినప్పుడు స్టాఫ్‌రూములో నా పక్క కుర్చీ లెక్కల టీచరుది. నాకంటే పదేళ్ళు పెద్ద. నేను అక్కా అనేదాన్ని, ఆవిడ నన్ను చెల్లీ అనేది. ఇద్దరిదీ ఒకే చర్చి. నా తొలి కడుపు పోయినప్పుడు ఆసుపత్రిలో మూడు రోజులు నా మంచం పక్కనే కూర్చుంది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో వాళ్ళు కాశీబుగ్గలో ఇల్లు కట్టుకుని వెళ్ళిపోతూ, తమ పాత ఇంట్లో మమ్మల్ని అద్దెకు దిగమన్నారు. పెంకుటిల్లు. ముందు వసారా, దానికి ఇనుప గ్రిల్లు. గోడల మీద తెల్లటి కొత్త స్విచ్‌బోర్డులు. వైరింగంతా మార్పించామని అక్క చెప్పింది. తాళాలు చేతికిస్తూ, గ్రిల్లు మీద తడిబట్టలు మాత్రం వెయ్యొద్దంది, తుప్పు మరకలు పడతాయట. ఎంత శ్రద్ధో అనుకున్నాను.

ఆ వానాకాలం మా అమ్మ కవిటి నుంచి వచ్చింది. రెండు రోజులుగా ముసురు, ఇంట్లో ఎక్కడా బట్టలు ఆరడం లేదు. నేను వంటగదిలో ఉండగా అమ్మ తన చీర పిండుకుని వెళ్ళి గ్రిల్లు మీద వేసింది. అరుపేమీ వినిపించలేదు. ఏదో బరువైనది పడ్డ చప్పుడు మాత్రం వినిపించింది. పరుగెత్తి చూస్తే అమ్మ గచ్చు మీద పడి ఉంది. కుడి మణికట్టు వంకరగా తిరిగిపోయింది.

నేను గ్రిల్లు పట్టుకుని వంగబోయాను.

"అది ముట్టుకోకు అమ్మీ, కరెంటున్నాది" అంది అమ్మ.

మా ఆయన మెయిన్ ఆపాడు. అమ్మ మణికట్టు విరిగింది. కట్టు కట్టించి తెచ్చాక ఎలక్ట్రీషియన్‌ని పిలిచాం. అతను ఒక బోర్డు విప్పి చూసి, ఇంకోటి విప్పి చూసి మా వైపు తిరిగాడు.

"బోర్డులే కొత్తవమ్మా. లోపల వైరు ఇల్లు కట్టిన్నాటిది."

అటక మీద చెక్కపట్టీల వెంట పోయిన వైరుకు గుడ్డ తొడుగు ఉంది. వేళ్ళతో నలిపితే పొడిగా రాలిపోయింది. వసారా గోడలో ఆ తీగే గ్రిల్లు ఫ్రేముకు ఆనుకుని ఉంది. గోడ తడిసినప్పుడల్లా గ్రిల్లుకు కరెంటు వస్తుందని, ఇంటికి అసలు ఎర్తింగే లేదని అతను చెప్పాడు.

అంతవరకూ నాకు అక్క మీద అనుమానం లేదు. పని చేసినవాడు ఆవిడనూ మోసం చేసి ఉంటాడనుకున్నాను. అమ్మను చూడ్డానికి వచ్చిన పక్కింటావిడ, అక్క అత్తగారిని కూడా నిరుడు అక్కడే కరెంటు కొట్టిందని, ఆ తర్వాతే వాళ్ళు గ్రిల్లు మీద బట్టలు వెయ్యడం మానేశారని మామూలుగా చెప్పి వెళ్ళింది. అప్పుడు నాకు తుప్పు మరకల మాట గుర్తొచ్చింది.

మర్నాడు స్టాఫ్‌రూములో ఎవరూ లేనప్పుడు వాళ్ళ అత్తగారి సంగతి అడిగాను. అక్క దిద్దుతున్న కాగితాలు పక్కన పెట్టింది. తెలీదని అనలేదు.

"ఒకపాలే కొట్టింది సెల్లీ. బట్టలెయ్యొద్దని నీకు సెప్పేను గదా."

"తుప్పని సెప్పేవు. కరెంటని సెప్పలేదు."

ఆవిడ కాగితాలు మళ్ళీ ముందుకు లాక్కుంది. "కరెంటని సెప్తే నువ్వు దిగుదువా?" అంది.

బెల్లు మోగింది. పిల్లలు వరసగా క్లాసుల్లోకి వెళ్తున్నారు. హాజరు పట్టీ తీసుకుని క్లాసుకు వెళ్ళాను గానీ ఆ పీరియడ్‌లో ఏం చెప్పానో నాకు తెలీదు.

వారంలోపే ఇల్లు ఖాళీ చేశాం. మేం వెళ్ళాక వాళ్ళు వైర్లన్నీ మార్పించారట. ఇప్పుడు భయం లేదు, మళ్ళీ రండని అక్క కబురు పెట్టింది. మా ఆయన వెళ్దామా అని ఊగాడు. నేను వెళ్ళనన్నాను. ఆ వేసవి సెలవుల తర్వాత టెక్కలిలో వేరే బడి చూసుకున్నాను.

అమ్మ చెయ్యి మళ్ళీ సరిగ్గా తిరగలేదు. కొబ్బరికాయ ఎడం చేత్తో కొట్టడం నేర్చుకుంది. అమ్మ దృష్టిలో అదంతా పాత ఇంటి తప్పు, వాన తప్పు. కవిటి వెళ్ళినప్పుడల్లా, ఆసుపత్రిలో నా పక్కన కూర్చున్న ఆ టీచరమ్మ బాగున్నాదా అని అడిగేది. బాగానే ఉందని చెప్పేదాన్ని. అక్కకు ముందే తెలుసన్న సంగతి అమ్మకు ఎప్పుడూ చెప్పలేదు.