బొంతకు సరిపడా పెట్టె

ఆ వీధిలో అందరికీ ఆవిడ కండక్టరమ్మే. ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చున్నాక కూడా ఎవరూ వేరేలా పిలవలేదు. ఇసకేస్తే రాలని బస్సుల్లో, జనం మోచేతుల మధ్య టికెట్లు చింపుకుంటూ, "జరగండి, ముందుకు జరగండి" అని అరిచి అరిచి గొంతు బొంగురుపోయిన మనిషి. అందుకే ఇరుకంటే ఆవిడకి ఒళ్లు మంట. ఉన్నవి రెండే గదులైనా సామానంతా గోడవారకి నెట్టేసి, మధ్యలో నలుగురు పడుకునేంత చోటు ఖాళీగా ఉంచుకునేది. ఎవరికైనా మేలు చెయ్యాలనుకుంటే ముందు కాస్త చోటివ్వాలన్నది ఆవిడ లెక్క.

తన బస్సు నడిపే డ్రైవర్నే పెళ్లి చేసుకుంది. అతనితో పాటు అతని మొదటి భార్య కూతురూ ఆ ఇంటికొచ్చింది. డ్రైవరు పోయి చాలా కాలమైంది. పిల్ల పెద్దదై, చెవి వినపడనివాళ్లకి మిషన్లు అమర్చే పనిలో చేరి, వేరే గది అద్దెకి తీసుకుంది. ఆవిణ్ణి "పిన్నీ" అని పిలిచేది. ఇద్దరి మధ్యా ఎప్పుడూ గొడవ లేదు. అలాగని గలగలా కబుర్లూ లేవు. అన్నం తిన్నావా అంటే తిన్నాను, పడుకున్నావా అంటే పడుకున్నాను, అక్కడితో సరి.

కంపెనీ వాళ్లు ఆ పిల్లని కొన్నాళ్లపాటు వేరే ఊరికి పంపించారు. వెళ్లే ముందు ఓ ప్లాస్టిక్ పెట్టె చంకలో పెట్టుకుని వచ్చింది.

"పిన్నీ, ఒకటి అడుగుతాను. వద్దంటే ఏమీ అనుకోను."

పెట్టెలో మట్టి మీద అరచెయ్యంత, గోధుమరంగు బొచ్చుతో ఏదో కూర్చుని ఉంది. కండక్టరమ్మ గబుక్కున వెనక్కి తగ్గింది.

"సాలీడా ఇది? ఎలకనుకున్నానే!"

"సాలీడే. టరాంటులా అంటారు. దీని పేరు బొంత. మనం దీని జోలికి పోకపోతే ఇది మన జోలికి రాదు. వారానికో కీచురాయి, గిన్నెలో నీళ్లు, అంతే. కీచురాళ్లు ఈ సీసాలో ఉన్నాయి."

"నీ స్నేహితులెవరూ లేరటే?"

"ఉన్నారు. వాళ్లు మర్చిపోతారు. నువ్వు మర్చిపోవు."

ఆ ఒక్క మాటకి కండక్టరమ్మ కరిగిపోయింది. పిల్ల ఇన్నేళ్లలో తనని ఏదైనా అడగడం అదే మొదలు.

పిల్ల వెళ్లాక పెట్టె ముందు కూర్చుని చూస్తే ప్రాణం ఉసూరుమంది. చెప్పుల డబ్బాకి కాస్త పెద్దదేమో, అంతే. అందులోనూ సగం మట్టే. "ఆఖరి బస్సులో ఫుట్‌బోర్డు మీద వేలాడేవాడికైనా ఇంతకంటే చోటుంటుంది కదే!" అని, కింద దుకాణంలో గడియారాలు బాగుచేసే ఆయన దగ్గరికి వెళ్లింది. ఆయన దగ్గర ఎప్పటిదో పెద్ద అద్దాల తొట్టె ఉంది. చేపలు పోయాక అందులో పాత గోడగడియారాలు పడేశాడు. "తీసుకెళ్లండమ్మా, నాకూ అడ్డు తగ్గుతుంది" అన్నాడు. ఇద్దరూ ఆపసోపాలు పడి దాన్ని పైకి చేర్చారు. అడుగున పల్చగా మట్టి పరిచి, ప్లాస్టిక్ గ్లాసుతో బొంతని అందులోకి తోలి, పైన జాలీ మూత వేసింది. "హమ్మయ్య. ఇప్పుడు హాయిగా కాళ్లు చాపుకో తల్లీ" అంది.

బొంత అద్దం పట్టుకుని పైకి ఎక్కడం మొదలుపెట్టింది. షికారు చేస్తోందని ఆవిడ మురిసిపోయింది. మర్నాడు కూరగాయలు తరుగుతుంటే తొట్టెలో తప్‌మని చప్పుడైంది. చూస్తే బొంత పైనుంచి పడి, కాళ్లు ముడుచుకుని ఉంది. ఆవిడ గబగబా పిల్లకి ఫోన్ చేసింది.

"కడుపు పగిలిందా? కింద తడి కనిపిస్తోందా?" అని అడిగింది పిల్ల.

"తడి లేదు... ఉండు, కదిలింది. నడుస్తోంది."

"అయితే గట్టెక్కింది. పిన్నీ, ఇది చెట్లెక్కే రకం కాదు. నేలలో బొరియ తవ్వుకునే రకం. దీని పొట్ట నీళ్లసంచి లాంటిది. ఎత్తు నుంచి పడితే చిట్లిపోతుంది. దీనికి కావాల్సింది ఎత్తు కాదు, కింద బోలెడంత మట్టి."

"నాలుగు తిట్టవే, నా మనసు కుదుటపడుతుంది."

"ఎందుకు తిట్టడం? చెప్పకుండా వెళ్లింది నేను. పాత పెట్టె ఎలాగూ చిన్నదైపోయింది. ప్రస్తుతానికి తొట్టెలోనే మట్టి పైదాకా నింపెయ్యి. మట్టికీ మూతకీ మధ్య జానెడు కూడా ఉండక్కర్లేదు."

బొంతని గ్లాసుతో పాత పెట్టెలోకి మార్చి, కండక్టరమ్మ మొక్కల దుకాణం నుంచి కొబ్బరిపొట్టు బస్తా మోయించుకొచ్చింది. తడిపి, మట్టితో కలిపి, అణిచి అణిచి తొట్టె నింపింది. దాక్కోవడానికి పగిలిన పూలకుండీ ముక్క ఒకటి బోర్లించి, బొంతని మళ్లీ అందులోకి దింపింది. ఇక పడే భయం లేదు కానీ, తొట్టె మరీ వెడల్పు. కీచురాయి ఈ చివర, బొంత ఆ చివర. ఒకే ఇంట్లో ఉంటూ మొహాలు చూసుకోనివాళ్లలా ఉండేవి. బొంత మూల వదిలేది కాదు, తిండీ ముట్టేది కాదు. చివరికి ఓ పొద్దున లేచేసరికి వెల్లకిలా పడి ఉంది, కాళ్లన్నీ పైకి.

కండక్టరమ్మ నేల మీద చతికిలబడింది. ఆ రోజు పడ్డ దెబ్బే దీన్ని పొట్టన పెట్టుకుందనుకుంది. తనని నమ్మి ఇచ్చిన ప్రాణం. పిల్లకి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? దాచే అలవాటు లేదు కాబట్టి ఫోన్ చేసి, తొట్టె ముందు పట్టుకుని చూపించింది.

పిల్ల పకపకా నవ్వింది. "పిన్నీ, అది చావలేదు! కుబుసం విడుస్తోంది. వెల్లకిలా పడుకునే విడుస్తుంది. ముట్టుకోకు. లోపల కీచురాయి ఉంటే మాత్రం మెల్లిగా తీసెయ్యి, ఇప్పుడు అదే దీన్ని కొరికేస్తుంది."

ఆవిడ పటకారుతో కీచురాయిని తీసేసి, స్టూలు వేసుకుని కాపలా కూర్చుంది. చూడ్డానికొచ్చిన గడియారాలాయనతో "గట్టిగా తుమ్మకండి" అని గుసగుసలాడింది. మధ్యాహ్నానికి తొట్టెలో రెండు బొంతలున్నాయి. ఒకటి విప్పిపడేసిన మేజోడులా ఖాళీది. ఇంకొకటి, పక్కనే, కొత్త మఖ్మల్ కప్పుకున్నట్టు నిగనిగలాడుతున్నది. ఆవిడకి పోయిన ప్రాణం లేచొచ్చింది.

బొంత ఒళ్లు గట్టిపడి మళ్లీ తిండి అందుకునే వేళకి పిల్ల పని ముగించుకుని వచ్చింది. కండక్టరమ్మ భద్రంగా దాచిన కుబుసాన్ని పిల్ల తడిపి, కాళ్లు సాగదీసి, అట్టముక్క మీద పరిచింది.

"బతికున్నదాన్ని కొలిచి హడలగొట్టక్కర్లేదు. ఇది చాలు. ఈ చివరి కాలి నుంచి ఆ చివరి కాలికి ఎంతుందో, దానికి మూడింతలు పొడవు, రెండింతలు వెడల్పు. మట్టి మీద నుంచి మూతకి ఒకటిన్నర."

"అంతేనా? ఇంకాస్త పెద్దదైతే పోయిందేముంది?"

"చావదు. కానీ తిండి దొరకబుచ్చుకోలేదు. ఎక్కడుండాలో తోచక మూల పట్టుకుంటుంది. చుట్టూ గోడ తగిలితేనే దీనికి ధైర్యం." పిల్ల అట్టముక్క వైపే చూస్తూ అంది: "నాకూ అంతే కదా పిన్నీ. వచ్చిన కొత్తలో నువ్వు నాకు ఒక గదంతా ఇచ్చావు. నేనేమో బీరువాకీ గోడకీ మధ్య సందులో పడుకునేదాన్ని."

"గుర్తులేకేం. నేనేం తక్కువ చేశానా అని ఏడ్చాను కూడా."

"నాన్న బయటికి రమ్మని కేకలేసేవాడు. నువ్వు ఒక్క మాట అనలేదు. బీరువా బెత్తెడు జరిపి, అందులో పట్టేలా పరుపు మడిచి వేశావు. ఆ రోజు నుంచే నాకు నిద్ర పట్టింది. ఎప్పుడూ చెప్పలేదు కానీ, నీకు రుణపడిపోయాను పిన్నీ."

బీరువా జరిపిన సంగతి కండక్టరమ్మకి గుర్తే లేదు. "టీ పెడతానుండు" అని వంటగదిలోకి వెళ్లి, స్టవ్ వెలిగించడం మర్చిపోయి, గిన్నె ముందు అలాగే నిలబడిపోయింది. ఇన్నేళ్లూ ఆ పిల్లకి తను ఏమీ కాలేకపోయాననే అనుకుంటూ వచ్చింది.

సాయంత్రం ఇద్దరూ ప్లాస్టిక్ సామాన్ల దుకాణానికి వెళ్లారు. "ఏం పెట్టుకుంటారమ్మా? బట్టలా, బియ్యమా?" అన్నాడు దుకాణదారు. కండక్టరమ్మ సంచిలోంచి అట్టముక్క తీసి బల్ల మీద పెట్టింది. అతను కెవ్వుమని కుర్చీ ఎక్కేశాడు.

"దిగండి బాబూ, అది చొక్కా మాత్రమే. తొడుక్కునేది ఇంట్లో ఉంది!"

దుకాణంలో ఉన్నవాళ్లంతా నవ్వారు. పిల్ల పిన్ని భుజానికి తల ఆనించి మరీ నవ్వింది. వెడల్పుగా, పొట్టిగా, మూతకి క్లిప్పులున్న పెట్టె ఒకటి కుదిరింది. ఇంటికొచ్చి సూది కాల్చి పక్కన గాలికి చిల్లులు పెట్టారు. మట్టి నింపి, కుండీ ముక్క పెట్టి, బొంతని దింపారు. అది ఒక చుట్టు తిరిగి, గోడలన్నీ కాలితో తడిమి, కుండీ కింద దూరింది. కాసేపటికి ముందుకాళ్లతో మట్టి పట్టుకుని బయటికి మోసుకురావడం మొదలుపెట్టింది.

"ఇల్లు కట్టుకుంటోందే!" అంది కండక్టరమ్మ.

పిల్ల తన గదికి వెళ్లిపోయినా బొంతని పిన్ని దగ్గరే ఉంచింది. వీలు దొరికినప్పుడల్లా కీచురాళ్ల సీసా పట్టుకుని వస్తుంది. ఒకసారి వచ్చిందంటే ఓ పట్టాన కదలదు. పనిలో ఎవరెవరొచ్చారో, ఎవరి చెవికి ఏది సరిపోయిందో పిన్నికి పూసగుచ్చినట్టు చెబుతుంది.

"దాన్నెలా పెంచుతున్నారమ్మా, పిలిస్తే పలకదు కూడా" అన్నాడోసారి గడియారాలాయన.

"అది పలక్కపోతేనేం, దాని పుణ్యమా అని మా పిల్ల పలుకుతోంది. మీ తొట్టె పుణ్యం కూడా కొంత ఉందండోయ్" అని, ఆయన చేతిలో వేడి టీ గ్లాసు పెట్టింది కండక్టరమ్మ.