నీళ్ళు పోసే చేతులు

తమిళనాడులో ఎట్టయాపురం నుంచి కోవిల్‌పట్టి వెళ్ళే రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న ఆ తెలుగువాళ్ళ నల్లరేగడి పల్లెలో ఎవరింట బిడ్డ పుట్టినా ముందు పాపమ్మాళ్‌కు కబురు వెళ్తుంది. ఆమె మంత్రసాని కాదు. కాన్పులు ఇప్పుడు ఆసుపత్రిలోనే జరుగుతాయి. బిడ్డ ఇంటికి వచ్చాకే ఆమె పని మొదలవుతుంది. పెరట్లో పీట మీద కూర్చుని, చీర మోకాళ్ళ దాకా ఎగదోసి, చాపిన కాళ్ళ మీద బిడ్డను పడుకోబెట్టి నూనె రాసి నీళ్ళు పోస్తుంది. ముప్పై ఏళ్ళుగా ఆ ఊరి బిడ్డలందరికీ ఆమే పోసింది. ఇప్పుడు మీసాలొచ్చి బైకుల మీద తిరిగే వాళ్ళు కూడా ఆమె ఎదురుపడితే వేగం తగ్గిస్తారు. వాళ్ళ చిన్నప్పటి సంగతులేవో ఆమె నలుగురిలో చెప్పేస్తుందని భయం.

అలాంటి పాపమ్మాళ్‌కు వేళ్ళ సందుల్లో నవ మొదలైంది. తర్వాత మణికట్లు, నడుము. పడుకోగానే ఎక్కువయ్యేది. మందుల అంగడిలో ఇచ్చిన ట్యూబు వారం రాసింది. తగ్గినట్టే తగ్గి రెండింతలైంది. అప్పటికే కోడలు ముత్తుసెల్వి కూడా గోక్కుంటోంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే పాపమ్మాళ్ తమ్ముడి కూతురు యువరాణి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. రెండిళ్ళ అవతలే ఇల్లు. "నా బిడ్డకి నీవే నీళ్ళు పోయాల అత్తా" అని ఆ పిల్ల వచ్చిన రోజే చెప్పింది. దాంతో పాపమ్మాళ్ కోడలిని వెంటబెట్టుకుని కోవిల్‌పట్టిలో చర్మం డాక్టరు దగ్గరికి బస్సెక్కింది.

డాక్టరు బృంద వయసులో చిన్నది, ఊరు విరుదునగర్. దీపం ఉన్న భూతద్దంతో పాపమ్మాళ్ వేళ్ళ సందులను ఒక్కొక్కటే చూసింది. ఒకచోట ఆగి, ఫోనులో ఫొటో తీసి పెద్దది చేసి చూపించింది. చర్మం మీద సన్నగా, వంకరగా ఒక గీత.

"గజ్జి" అంది తమిళంలో.

పాపమ్మాళ్ చేతులు వెనక్కి లాక్కుంది. "దినమూ రెండు పూటలా స్నానం చేసేదాన్ని. నాకు గజ్జా?"

"స్నానానికీ దీనికీ సంబంధం లేదమ్మా. కంటికి కనబడని పురుగు చర్మంలో సొరంగం తవ్వి గుడ్లు పెడుతుంది. ఒకరి ఒంటి నుంచి ఒకరికి ఎక్కుతుంది. కలెక్టరుకైనా వస్తుంది."

కలెక్టరు మాట పాపమ్మాళ్‌కు కొంత ఊరటనిచ్చింది. డాక్టరు ఇంట్లో నలుగురికీ సరిపడా క్రీము రాసిచ్చింది. మెడ నుంచి అరికాళ్ళ దాకా, వేళ్ళ సందుల్లో, గోళ్ళ కింద, బొడ్డులో కూడా వదలకుండా సాయంత్రం పూసుకుని, మర్నాడు పొద్దున స్నానం చేయాలి. వారం తర్వాత మళ్ళీ ఒకసారి. నవ లేనివాళ్ళు కూడా పూసుకోవాలి. దుప్పట్లు, బట్టలు వేడినీళ్ళలో ఉతికి ఎండలో వేయాలి.

"ఇంకో పదైదు దినాల్లో మా పిల్లకి కాన్పు. బిడ్డకి నేనే నీళ్ళు పోయాలి" అంది పాపమ్మాళ్.

"పూర్తిగా తగ్గిందని నేను చెప్పేదాకా పసిబిడ్డను తాకకండి. అందరూ సరిగ్గా పూసుకుంటే అప్పటికి తగ్గుతుంది."

ఇంట్లో మగవాళ్ళిద్దరు. భర్త వేలుసామి తనకేమీ లేదని కాసేపు మొండికేశాడు. కొడుకు రామ్‌కుమార్ కయత్తారు దగ్గర గాలిమరల కంపెనీలో షిఫ్టు పని చేస్తాడు. ఇద్దరిచేతా పాపమ్మాళ్ రెండేసి సార్లు పూయించింది. తాను గోరు గోరుకీ పూసుకుంది.

బిడ్డ పుట్టింది, ఆడపిల్ల. కానీ నవ పోలేదు. పోయినట్టే పోయి, వేళ్ళ సందుల్లో కొత్త పొక్కులు లేచాయి.

యువరాణి తల్లి సీనియమ్మాళ్ బిడ్డకు నీళ్ళు పోసింది. బిడ్డ ఏడుపు వీధంతా వినబడింది. పాపమ్మాళ్ తన అరుగు మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"సీనియమ్మా, నీళ్ళు కాగిపోయినట్టుండాయి. మోచెయ్యి పెట్టి చూడవే" అని అక్కడి నుంచే కేకేసింది.

"చూసినాను వదినా."

"అట్లయితే బిడ్డ ఏల అరస్తా ఉండాది?"

"నీవు పోస్తే నవ్వుతాదా? నీళ్ళు పోస్తే ఏ బిడ్డయినా అరస్తాది."

"నా కాళ్ళ మీద ఇంతసేపు ఏ బిడ్డా అరవలేదు" అంది పాపమ్మాళ్, ఈసారి కేకేయకుండా.

మర్నాడే అత్తాకోడళ్ళు మళ్ళీ కోవిల్‌పట్టి వెళ్ళారు. బృంద భూతద్దంలో చూసి కనుబొమలు ముడిచింది. కొత్త సొరంగాలు ఉన్నాయి.

"అందరూ పూసుకున్నారా?"

"అందరమూ."

"గోళ్ళ కింద?"

"అన్నిచోట్లా. పొద్దున దాకా ఉంచుకున్నాము. దుప్పట్లు ఉడకబెట్టినాము."

"అందరూ ఒకేరోజు పూసుకున్నారు కదా?"

పాపమ్మాళ్ డాక్టరు వైపు వింతగా చూసింది. "అదెట్ల కుదురుతుందమ్మా? ఆడవాళ్ళం శుక్రవారం. మగవాళ్ళు శనివారం."

బృంద పెన్ను కింద పెట్టింది. ఆ వైపు ఊళ్ళలో నూనె పూసుకుని తలంటుకోవడానికి ఆడవాళ్ళకు మంగళ, శుక్రవారాలు, మగవాళ్ళకు బుధ, శనివారాలు. ఒంటినిండా పూసుకుని ఆపైన స్నానం చేయాలని చెప్పగానే పాపమ్మాళ్ మనసులో ఆ క్రీము నూనె పక్కన చేరిపోయింది. చదువుకున్న ముత్తుసెల్వికీ అది తప్పుగా తోచలేదు.

"రెండు శనివారాలూ మా ఆయనకు షిఫ్టు. ఆయన బుధవారం పూసుకున్నాడు" అంది ముత్తుసెల్వి మెల్లగా.

డాక్టరు నవ్వు ఆపుకోవాలని చూసింది, ఆగలేదు. "శుక్రవారం మీరు తరిమేశారు. బుధవారం దాకా అవి ఆయన దగ్గర చుట్టరికానికి ఉండి, మళ్ళీ మీ దగ్గరికి వచ్చాయి. తప్పు నాదేనమ్మా. మా అవ్వ కూడా శుక్రవారమే తలంటుకునేది. ముందే అడగాల్సింది." చీటీ వెనక పెద్ద అక్షరాలతో రాసిచ్చింది: అందరూ, ఒకేరోజు.

చీటీ ఇంటికి చేరాక ఏ రోజు అన్నది తేలలేదు.

"మగోడు వెళ్ళికిళమ పూసుకుంటే ఊరు నవ్వుతాది" అన్నాడు వేలుసామి. శుక్రవారం వాళ్ళ నోట వెళ్ళికిళమ.

"అయితే శనికిళమ మేమూ పూసుకుంటాము" అంది పాపమ్మాళ్.

"ఆడోళ్ళు శనికిళమ నూనె పెట్టుకునేది మన ఇంట్లో ఎప్పుడన్నా ఉండాదా?"

పాపమ్మాళ్ చీటీని తిప్పి తిప్పి చూసింది. తర్వాత ట్యూబు చేతిలోకి తీసుకుంది.

"ఏమయ్యా, డాక్టరమ్మ దీన్ని యాడ నుంచి పూయమన్నాది?"

"మెడ నుంచి."

"తలకి?"

"తలకి లేదు."

"తలకి లేనిది తలంటు ఎట్లయితాది? ఇది నూనె కాదు, మందు. మాత్ర మింగేదానికి కిళమ చూస్తావా?"

ఆ రోజు సోమవారం. తల్లిదండ్రుల మాటలు వింటున్న రామ్‌కుమార్ అప్పటికే చొక్కా విప్పేశాడు. పొద్దు గుంకేలోపు నలుగురూ పూసుకున్నారు. వేలుసామి వీపుకు పాపమ్మాళే పూసింది. చల్లగా ఉందని ఆయన మెలికలు తిరిగాడు.

"కదలకుండా నిలబడు. అరవై ఏళ్ళొచ్చినాయి, కాళ్ళ మీద పడుకోబెట్టి పూయాల్నా?"

"పడుకోబెట్టు, చూద్దాము" అన్నాడు వేలుసామి. ముత్తుసెల్వి నవ్వుతూ వంటింట్లోకి పరుగెత్తింది.

మర్నాడు పెరడంతా దుప్పట్లే. ఉతకడానికి వీలుకాని వాటిని గోతంలో కట్టి వారం పక్కన పెట్టారు. పై సోమవారం మళ్ళీ అందరూ పూసుకున్నారు. అప్పటికీ సన్నగా నవ ఉండడంతో పాపమ్మాళ్ డాక్టరుకు ఫోను చేయించింది. పురుగు చచ్చినా చర్మం సర్దుకోవడానికి రెండు మూడు వారాలు పడుతుందని బృంద ఫోనులో చెప్పి, నవకు మాత్ర, ఒంటికి రాసుకునే లేపనం పేరు చెప్పింది.

మూడోసారి వెళ్ళినప్పుడు డాక్టరు పది వేళ్ళ సందులూ, మణికట్లూ, నడుమూ చూసింది. పాపమ్మాళ్ ఆమె ముఖాన్నే చూసింది.

"ఏమీ లేవు. పోయి బిడ్డకు నీళ్ళు పోయండి."

బస్సు దిగి పాపమ్మాళ్ తన ఇంటికి పోలేదు. నేరుగా తమ్ముడింటి పెరట్లోకి వెళ్ళి పీట లాక్కుంది. సీనియమ్మాళ్ పొయ్యి మీద నీళ్ళు పెట్టింది. నెలరోజుల బిడ్డను యువరాణి అత్త కాళ్ళ మీద పడుకోబెట్టింది. నూనె రాస్తుంటే బిడ్డ కళ్ళు పెద్దవి చేసి చూసింది. మొదటి చెంబుకు గట్టిగానే ఏడ్చింది.

"చెప్పినాను కదా వదినా" అంది సీనియమ్మాళ్.

"ఉండవే" అంది పాపమ్మాళ్. ఎడమ అరచేయి బిడ్డ నుదుటికి అడ్డం పెట్టి రెండో చెంబు పోసింది. మూడో చెంబుకు ఏడుపు సన్నగిల్లింది. నాలుగో చెంబుకు బిడ్డ ఒళ్ళు వదులై, నోరు తెరుచుకునే నిద్రలోకి జారింది. సీనియమ్మాళ్ తువ్వాలు అందించింది.

తుడవడం అయింది. సాంబ్రాణి పొగ వేయడం అయింది. యువరాణి చేతులు చాపి నిలబడింది.

"ఇయ్యి అత్తా, పాలు తాపే వేళయింది."

"నిద్రపోతా ఉండాది కదా" అంది పాపమ్మాళ్. బిడ్డ వేళ్ళను ఒక్కొక్కటే విప్పి చూస్తూ పీట మీదే కూర్చుంది.