ఆకుకి స్నానం

మా ల్యాబ్ మేడమ్ పోయారు. గుంటూరు నుంచి ఫోనొచ్చేసరికి అమరావతిలో మా పెరటి పంపు దగ్గర నాన్న నైవేద్యానికి కొత్తిమీర కడుగుతున్నారు. విషయం చెప్పాను. కట్ట చేతిలో ఉండగానే అరుగు మీద కూలబడిపోయారు.

డిగ్రీ చదువుతుండగా నాకు ఫిట్స్ మొదలయ్యాయి. స్కానింగులో మెదడులో మచ్చలు కనిపించాయి. అవి క్షయవో, పురుగువో తేలందే మందు ఇవ్వలేమన్నారు. పురుగువైతే, దాన్ని ఎదుర్కోడానికి ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీలు రక్తంలో దొరకాలి. ఆ పరీక్ష చేసే ల్యాబ్‌లో డాక్టరు మా మేడమ్.

ల్యాబ్‌లో ఆ పరీక్ష ఏ పురుగు కోసమో తెలియగానే నాన్న మండిపడ్డారు. "అర్చకత్వం చేసుకునేవాళ్లమండీ! మా పిల్లకి పందిమాంసం పురుగా?" అంటూ నన్ను కుర్చీలోంచి లేవదీశారు. నాకు ఏడుపొచ్చింది. ఎక్కడ పడిపోతానో అని రోడ్డు దాటడానికే వణికే రోజులవి.

మేడమ్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

"పంతులుగారూ, మాంసంతో వచ్చేది కడుపులో పురుగండి. ఆ పురుగున్న మనిషి చెంబు పట్టుకుని చేలోకెళ్తే, దాని గుడ్లు ఆకుకూరకి అంటుకుంటాయి. అవి తిన్నవాళ్లకే మెదడుకెక్కుతుంది. మీరు పచ్చి కొత్తిమీర వాడరా?"

"వడపప్పులోకి వాడతామండి. మడి కట్టుకుని, నీళ్లు చిలకరించి, నేనే తరుగుతాను."

"మీరు స్నానం చేశారు, సరే. ఆకుకి చేయించారా?"

నాన్న నన్ను మళ్లీ కూర్చోబెట్టారు. రక్తం తీస్తూ మేడమ్ నాతో, "లేదని వచ్చినా లేదని నమ్మకు. పరీక్ష కూడా సాక్షి లాంటిదే, ఒక్కోసారి చూడదు" అన్నారు. ఫలితం రాగానే ఆవిడే ఫోన్ చేశారు. "ఉంది బంగారం. తెలిసిందిగా, ఇంక వెళ్లగొడదాం." మందులు వాడాక ఫిట్స్ మళ్లీ రాలేదు. ఇప్పుడు సత్తెనపల్లి దాకా బండి మీద ఒక్కదాన్నే వెళ్లి పాఠాలు చెప్పొస్తున్నాను. ఆ ధైర్యం ఆవిడ పెట్టిన భిక్ష.

తర్వాత గుంటూరు వెళ్లినప్పుడల్లా నాన్న ఆవిడకి ప్రసాదం పట్టుకెళ్లేవారు. "ఆకుకి స్నానమైందాండీ?" అని అడిగిగానీ ఆవిడ నోట్లో వేసుకునేవారు కాదు. బయట మంచినీళ్లు ముట్టని నాన్న ఆ గదిలో టీ తాగేవారు. మేడమ్ కప్పు మాత్రం మాటల్లో చల్లారిపోయేది.

భూస్థాపన రోజు చర్చిలో వెనక వరసలో, విభూతి రేఖలతోనే, నాన్న చేతులు కట్టుకుని నిలబడ్డారు. పాట మొదలయ్యాక నేను ఏడుపు ఆపుకోలేకపోయాను.

మర్నాడు పొద్దున ఆయన మళ్లీ కొత్తిమీర కట్ట విప్పారు. కడుగుతున్నారు, కడుగుతూనే ఉన్నారు.

"చాలు నాన్నా, నీళ్లు తేటగానే వస్తున్నాయిగా" అన్నాను.

"ఇంక అడిగేవాళ్లు లేరమ్మా" అన్నారు. పంపు కట్టలేదు.