అచ్చుల గదిలో ఖాళీ అరలు

నా చిన్నప్పుడు, నాకు పదేళ్ళు నిండిన ఏడాది డిసెంబరు సెలవుల్లో, రోజూ ఒకే వేళకు ఒకే దారిలో నడిచేదాన్ని. అప్పుడు మేము దీవి ఉత్తరపు కొసన ఉన్న సెంబవాంగ్‌లో ఉండేవాళ్ళం. బ్రిటిషు నౌకాదళం వెళ్ళిపోయి, వాళ్ళ డాక్‌యార్డు ఓడల మరమ్మతు కంపెనీగా మారిన కొత్త రోజులవి. మా నాన్న అక్కడ ఓడలకు రంగులు వేసేవాడు. మా అమ్మ ఇంట్లో వంట చేసి, ఐదుగురు ఆడవాళ్ళకు మధ్యాహ్నం క్యారియర్లు పంపేది. సెలవుల్లో వాటిని మోసుకెళ్ళే పని నాది.

ఆ ఐదుగురూ దగ్గర్లోని బూట్ల ఫ్యాక్టరీలో పనిచేసేవారు. ఒక అమెరికా కంపెనీ తన పరుగు బూట్లను అక్కడ కుట్టించేది. ఆ ఐదుగురిలో ఒకరు మా పక్కింటి అక్క. మా పక్కింట్లో చిన్న గది అద్దెకు తీసుకుని ఉండేది. సరిహద్దు అవతల జొహోర్‌లో ఒక రబ్బరు తోటలో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. ఇరవై ఏళ్ళుంటాయేమో. పగలంతా బూట్ల పైభాగాలు కుట్టి, వారానికి మూడు సాయంత్రాలు బడికి వెళ్ళేది. మరుసటి ఏడాది బడి చదువు చివరి పెద్ద పరీక్ష రాయాలని ఆమె పట్టుదల. తోటలో ఉంటే తెల్లవారకముందే లేచి చెట్లకు గాట్లు పెట్టడమే గాని చదువన్న మాట లేదు.

బడి లేని సాయంత్రాల్లో ఆమె మా వంటింటి బల్ల దగ్గరికే పుస్తకాలు తెచ్చుకునేది. నా లెక్కలు దిద్దేది, నా జడ లాగేది, నా పలక మీద తన ఇంగ్లీషు మాటలు రాసుకుని వల్లించేది. నాకు తోబుట్టువులు లేరు. ఆ బల్ల దగ్గర ఆమె మోచెయ్యి నా మోచేతికి తగులుతూ ఉండడం నాకు ఎంత ముఖ్యమో అప్పుడు ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే ఈ కథ వేరుగా ఉండేది.

ఫ్యాక్టరీ గేటు దగ్గర ఒక మలయ్ తాత కాపలా ఉండేవాడు. నన్ను చూడగానే "మకాన్! మకాన్!" అని, అన్నం వచ్చిందని లోపలికి కేక వేసి గేటు తీసేవాడు. అక్కడినుంచి క్యాంటీన్ దాకా పొడవాటి వరండా. ఆ వరండా పక్కనే, ఇనుప జల్లెడ కిటికీల వెనక, అచ్చుల గది. బూటు కుట్టాక దాన్ని పాదం ఆకారంలో ఉన్న అచ్చుకి తొడిగి, సాగదీసి, అడుగు అతికిస్తారు. ఒక్కో కొలతకు ఒక్కో అర. పనివాళ్ళు వాటిని కాళ్ళు అనే పిలిచేవారు. మనుషులు లేని కాళ్ళు వందల కొద్దీ, వేళ్ళన్నీ ఒకే వైపు తిప్పుకుని, ముప్పై అరల నిండా నిలబడి ఉండేవి. మొదటి రోజు ఆ కిటికీ ముందు నుంచి పరిగెత్తి వెళ్ళాను.

క్యాంటీన్ గోడ మీద ఆ కంపెనీ చరిత్ర అంతా ఫోటోలుగా వేలాడుతుండేది. మొదటి దాంట్లో మంచు కప్పిన రేకుల షెడ్డు. ఆ ఊళ్ళో చెప్పులు బాగుచేసుకునే ఒకాయన, పరుగు పందేలకు వెళ్ళే తన కొడుకు కోసం తేలికైన బూట్లు కుట్టాడట. అలా మొదలైంది. రెండోది అదే ఊళ్ళో మూడంతస్తుల ఇటుక కట్టడం. మూడోది జపానులో, నాలుగోది తైవానులో. ప్రతి ఫోటోలోనూ పనివాళ్ళు వరసల్లో నిలబడి నవ్వుతున్నారు. నాలుగో ఫోటో పక్కన గోడకు మేకు కొట్టి ఉంది. దానికి ఏమీ తగిలించలేదు.

ఒక రోజు అన్నం కలుపుకుంటూ అక్క ఆ గోడనే చూస్తూ కూర్చుంది. "అందరూ ఎలా నవ్వుతున్నారో సూడు," అంది నాతో. "ఈ నాలుగింట్లో ఇప్పుడు ఏది నడుస్తోందని మా ఫోర్‌మన్‌ని అడిగానే. అన్నీ ఎప్పుడో అమ్మేసారు లా, పాత సంగతి అన్నాడు. ఆ మేకు ఎవరికో తెలుసా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"మనకే," అని నవ్వింది. పక్కనున్న ఆడవాళ్ళు కూడా నవ్వారు గాని, ఒకామె ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆగిపోయింది.

ఆ సాయంత్రం అక్క నాకు ఒక రాతపుస్తకం ఇచ్చింది. కుట్టు మిషన్లు ఎక్కడైనా కొనుక్కోవచ్చని, అచ్చులు మాత్రం కంపెనీ సొంతమని, అవి ఎక్కడికి వెళ్తే పని అక్కడికి వెళ్తుందని వివరంగా చెప్పింది. పనివాళ్ళు వెనక మెట్ల మీదుగా పైకి వెళ్ళాలి. ముందు వరండాలోకి వాళ్ళను రానివ్వరు. రోజూ ఆ కిటికీ ముందు నుంచి నడిచేది నేనొక్కదాన్నే. "ఎన్ని అరలు ఖాళీగా ఉన్నాయో సూసి, ఏ రోజుది ఆ రోజే రాయి. నువ్వే నా కళ్ళు," అంది. గర్వంతో నాకు ఆ పూట అన్నం ఎక్కలేదు.

మొదటి రెండు రోజులూ సున్నా రాశాను. మూడో రోజు రెండు. ఆ మర్నాడు ఐదు. అక్క నా తల నిమిరి, "ఏటే పిల్లా, కాళ్ళు పారిపోతున్నాయే!" అంది. కళ్ళలో మాత్రం నవ్వు లేదు.

ఆ వారం చివర ఆమె మా అమ్మతో వంటింట్లో మాట్లాడుతుంటే విన్నాను. జురాంగ్‌లో రేడియో భాగాల ఫ్యాక్టరీలో ఆమె స్నేహితురాలు ఒక చోటు ఆపి ఉంచిందట. వచ్చే శనివారం లోపు జవాబు చెప్పాలి. పని ఉండగానే మారితే ఇక్కడ పనిచేసే పర్మిట్ మారుస్తారు. పని పోయాక అయితే సరిహద్దు దాటి తోటకి పోవాల్సిందే, పరీక్షా పోయినట్టే. కొత్త చోట శిక్షణ ఆరు నెలలు, సాయంత్రం బడి కుదురుతుందో లేదో తెలియదు. అందుకే ఆమె ఊగిసలాడుతోంది. "అరలు ఇంకా ఖాళీ అయితే ఎల్లిపోతానత్తా. అక్కడ హాస్టల్ కూడా ఇత్తారంట," అంది.

జురాంగ్ అప్పట్లో మాకు రెండు బస్సులు మారి వెళ్ళే దూరం. నాకు వినపడింది ఒక్కటే: అక్క వెళ్ళిపోతుంది.

సోమవారం కిటికీలోంచి చూశాను. తొమ్మిది అరలు ఖాళీ. పుస్తకంలో ఐదు అని రాశాను. మంగళవారం పదమూడు. రెండు అని రాశాను, కాళ్ళు తిరిగి వచ్చాయని చెప్పాను. బుధవారం, గురువారం సున్నాలు పెట్టాను. గురువారం నాటికి ఆ గదిలో నిండుగా ఉన్నవి పై వరసలోని పసిపిల్లల కొలతలు మాత్రమే. కింది అరల్లో దుమ్ము మీద పాదాల గుర్తులు వరసగా మిగిలాయి. వాటిని చూస్తే గదిలోంచి ఎవరో మూకుమ్మడిగా నడిచి వెళ్ళినట్టుండేది. అయినా నేను గుండ్రటి సున్నా రాశాను.

శుక్రవారం ఫ్యాక్టరీకి ఫోటోగ్రాఫరు వచ్చాడు. అందరినీ గేటు ముందు వరసల్లో నిలబెట్టారు. కొందరు జడల్లో పూలు పెట్టుకున్నారు. క్యారియర్లు పట్టుకుని నేను రోడ్డు పక్కన నిలబడి చూశాను. అక్క రెండో వరసలో ఉంది. ఫోటోగ్రాఫరు నవ్వమన్నాడు. అందరూ నవ్వారు. ఆమె నా వైపే చూస్తూ ఉంది.

ఆ సాయంత్రం బల్ల దగ్గర ఆమె పుస్తకం తెరవలేదు. నా ఎదురుగా కూర్చుని, రెండు చేతులూ పట్టుకుంది. "అమ్మడూ, నిజం సెప్పు. నీ కళ్ళతో సూసావా? అరలు నిండుగానే ఉన్నాయా?"

"నిండుగానే ఉన్నాయక్కా," అన్నాను.

ఆమె ఊపిరి వదిలిన చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. భయపడి పిచ్చిదాన్నయ్యానని తనను తానే తిట్టుకుంది. మర్నాడు స్నేహితురాలికి కబురు పంపింది, రానని.

తర్వాతి మంగళవారం నేను వెళ్ళేసరికి గేటుకి గొలుసు వేసి ఉంది. నాలుగు భాషల్లో నోటీసు అంటించారు. మలయ్ తాత కుర్చీ వేసుకుని బయటే కూర్చున్నాడు, ఆ రోజు కేక వెయ్యలేదు. ఆడవాళ్ళు మురుగుకాలువ గట్టు మీద కూర్చుని ఉన్నారు. కొందరు ఏడుస్తున్నారు. అన్నం వేడిగా ఉండగానే తినమని ఎవరో అంటే, అందరూ అక్కడే గట్టు మీద క్యారియర్లు విప్పారు. నేను తెచ్చిన ఐదు క్యారియర్లనూ అందరూ పంచుకున్నారు.

అక్క చెయ్యి కడుక్కుని నన్ను దూరంగా తీసుకెళ్ళింది. "ఎన్ని ఖాళీయే?" అంది.

"అన్నీ."

"ఎప్పట్నుంచి?"

అప్పుడు అంతా చెప్పేశాను, ఏడుస్తూ, ముక్కు చీదుకుంటూ. నువ్వు వెళ్ళిపోతావని భయమేసి అలా రాశానని అన్నాను. కొడుతుందనుకున్నాను. ఆమె కొట్టలేదు. నా సంచీలోంచి పుస్తకం తీసి పెన్సిలు ఇచ్చింది. నేను గబగబా సున్నాలు చెరపబోతే నా చెయ్యి పట్టుకుంది.

"సెరపకు. అలాగే ఉండనీ. పక్కన నువ్వు సూసింది రాయి."

తొమ్మిది, పదమూడు, పంతొమ్మిది, ఇరవై ఆరు. నాకు అన్నీ గుర్తున్నాయి. ఒక్కొక్కటీ రాస్తుంటే ఆమె తల ఊపింది. "నేనుండిపోవాలని నీకుంది. అది తప్పు కాదమ్మా. నాకు సెప్పాల్సింది. దాన్ని తీసుకొచ్చి అరల లెక్కలో కలిపేసావు."

ఆ మధ్యాహ్నమే ఆమె జురాంగ్ వెళ్ళింది. అప్పటికే ఆ చోటులో ఇంకొకరు చేరిపోయారు. రెండు వారాల తర్వాత పర్మిట్ గడువు తీరి, ఒక పెట్టె, పరీక్ష పుస్తకాల కట్ట పట్టుకుని జొహోర్ బస్సెక్కింది. మా అమ్మకు నా సంగతి చెప్పలేదు. నేనే ఇరవై ఏళ్ళ తర్వాత చెప్పాను. అక్క పరీక్ష రాసిందో లేదో నాకు తెలియదు. రెండు ఉత్తరాలు రాశాను, జవాబు రాలేదు.

ఆ వారం నుంచి నేను చూసింది చూసినట్టు రోజూ రాస్తూనే ఉన్నాను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ప్రయోగశాలలో నీటి నమూనాలు పరీక్షించాను. బాగాలేని నీటిని బాగాలేదని ఆ పూటే రాశాను. అవతల ఎవరి మొహం చిన్నబోయినా సరే. అదేమీ గొప్ప కాదు. ఎవరికీ మేలు చేశానని కూడా అనుకోను.

పోయిన నెల, పుంగ్గోల్‌లో నాతోనే ఉండే మనవరాలు, విశ్వవిద్యాలయానికి దగ్గరని క్లెమెంటిలో గది చూసుకుంది. వెళ్ళే ముందు నా మంచం మీద కూర్చుని అడిగింది. "అమ్మమ్మా, నువ్వు అలోన్ ఉండగలవా? కెన్ ఆర్ నాట్? టెల్ మీ ప్రాపర్లీ లా."

నా మోకాళ్ళు బాగానే ఉన్నాయని, వంట చేసుకోగలనని, రోజూ రైల్లో పోయే మూడు గంటలు దాని చదువును తినేస్తున్నాయని, కాబట్టి వెళ్ళడమే మంచిదని చెప్పాను. ఆ తర్వాత, నువ్వు వెళ్ళకుండా ఉంటే బాగుండునని నాకుంది, అది వేరే సంగతి అని కూడా చెప్పాను. వేరే సంగతి అయితే ఎందుకు చెప్పడం అని అది నవ్వింది. చెప్పకుండా దాచుకున్న ఆశ మాటలో ఎక్కడ దూరుతుందో, దూరాక ఎవరి దారి మూసుకుపోతుందో, దానికి ఎలా చెప్పను? నేను మాత్రం చూసింది ముందు చెబుతాను, కోరుకున్నది తర్వాత, విడిగా చెబుతాను. ఆ రెండూ కలిసిపోతే ఏమవుతుందో పదేళ్ళప్పుడే చూశాను.