స్టాన్లీ మేస్త్రి అట్టముక్క

స్టాన్లీ మేస్త్రిని ఏదైనా అడిగితే జవాబు రాదు, ప్రశ్న వస్తుంది. దానికి అవుననో కాదనో చెప్పాలి. చెబితే ఇంకో ప్రశ్న. మధ్యలో "ఏమో" అన్నామా, మళ్ళీ మొదటికి.

భోగాపురం దాటాక ఉన్న రోడ్డు పనుల యార్డులో ఆయన పెద్ద మెకానిక్. మట్టి తవ్వే పొక్లెయినర్, రోలర్, టిప్పర్, ఏది మొరాయించినా జేబులోంచి ఒక అట్టముక్క తీసేవాడు. దాని మీద పైన ఒక గడి, గడిలో ఒక ప్రశ్న. కింద రెండు గీతలు: ఒకటి అవును, ఒకటి కాదు. ఒక్కో గీత చివర ఇంకో గడి. అలా దిగగా దిగగా అట్ట అడుగున రోగం పేరు ఉండేది. ఏ రోగానికైనా మొదటి గడి మాత్రం ఒకటే.

"డీజిలు ఉన్నాదా?"

"ఇంజను ఆడతన్నాది మావా! ఇనపడతన్నాది కాదేటి?" అనేవాడు పొక్లెయినర్ నడిపే దాలయ్య.

"ఇనపడతన్నాది. డీజిలు ఉన్నాదా?"

"ఉన్నాది!"

"సూసి సెప్తన్నావా?"

దాలయ్య పళ్ళు నూరుకుంటూ బండెక్కి చూసొచ్చేవాడు.

యార్డు బయటా అంతే. టీకొట్టు సుభద్రమ్మ ఒకసారి పొయ్యి అంటుకోవట్లేదని నోరుజారి ఆయనతో అంది. తొమ్మిదో ప్రశ్న దగ్గర ఆవిడ కొట్టు కట్టేసి ఇంటికి వెళ్ళిపోయింది. అప్పట్నుంచీ ఆయన దూరాన కనిపిస్తే చాలు, టీ గ్లాసు బెంచీ మీద పెట్టి లోపలికి తప్పుకునేది. చర్చిలో పాస్టరు గారైతే ఆయనతో చేయి కలిపి, ఆయన నోరు తెరిచేలోపే వెనకాయనకి వందనాలు చెప్పేవారు.

ఆయన భార్య ఏసమ్మ పోయి నాలుగేళ్ళు. పిల్లల్లేరు. యార్డు చివర రేకుల గదిలో ఒక్కడే ఉండేవాడు. మధ్యాహ్నం పనివాళ్ళంతా షెడ్డు కింద చేరి క్యారేజీలు విప్పుకుంటే, ఆయన అవతల తుప్పుపట్టిన రోలర్ నీడలో కూర్చుని తినేవాడు. వీళ్ళు రమ్మనలేదు, ఆయన వస్తాననలేదు. తింటూ తింటూ ఆయన పెదాలు కదుపుతుంటే, "రోలర్ని కూడా డీజిలు ఉన్నాదా అని అడుగుతన్నాడ్రా!" అనేవాడు దాలయ్య. షెడ్డంతా నవ్వేది. నవ్వు అయిపోయాక అటు చూస్తే దాలయ్యకి ఎందుకో ముద్ద దిగేది కాదు.

పోయిన శ్రావణంలో ఒక సోమవారం పొద్దున్న దాలయ్య బండి మూలగడం మొదలెట్టింది. తొండం లేవదు, బకెట్ ముడుచుకోదు, ముందుకి నడవమంటే నిలబడి అరుస్తుంది. రోడ్డు పని ఆగింది. సూపర్వైజరు గిరిబాబు జీపు దిగీ దిగకుండానే కేకలు.

"ఇది ఎవడి పనో తేలాలి. తేలిన పూటే వాడిని ఇంటికి పంపేస్తాను!"

దాలయ్యకి తువ్వాలు గుర్తొచ్చింది. శనివారం బండిలో, తొండాన్ని కదిపే హైడ్రాలిక్ నూనె పోస్తుంటే వాన మొదలైంది. ఆ ట్యాంకుకి మూత విరిగిపోయి పది రోజులైంది. తన తువ్వాలు సగానికి చింపి ట్యాంకు మూతికి కుక్కాడు. ఈ పొద్దున్న పని మొదలెట్టకముందే కొత్త మూత వచ్చింది, చూస్తే గుడ్డ కనబడలేదు. గాలికి పోయిందనుకుని మూత బిగించేశాడు.

స్టాన్లీ మేస్త్రి తాపీగా వచ్చి అట్టముక్క తీశాడు.

"డీజిలు ఉన్నాదా?"

గిరిబాబు తల పట్టుకున్నాడు.

"ఉన్నాది," అన్నాడు దాలయ్య నీరసంగా.

"అన్ని కదలికలూ మందగించినాయా?"

"అవును."

"నూనె మట్టం సరిగ్గా ఉన్నాదా?"

"ఉన్నాది."

"పంపు అరుస్తన్నాదా?"

"అవును మావా."

మేస్త్రి వేలు అట్ట అడుక్కి దిగింది. "పంపుకి నూనె అందట్లేదు. ట్యాంకు ఇప్పండి."

నూనె తోడి, పంపుకి నూనె వెళ్ళే దారిలో ఉండే జల్లెడని పైకి లాగారు. దాన్ని చుట్టుకుని ఎర్రగళ్ళ తువ్వాలు ముక్క. రెండో ముక్క దాలయ్య భుజం మీదే ఉంది! చప్పున లాగి వీపు వెనక దాచుకున్నాడు.

"ఎవడిదీ తువ్వాలు?" గిరిబాబు గర్జించాడు.

మేస్త్రి అట్టముక్కని పైనుంచి కిందికి చదివాడు. తిప్పి వెనక కూడా చూశాడు. "ఈ ప్రశ్న ఇందులో లేదు సార్."

"లేకపోతే నేను అడుగుతున్నాను!"

"ఎవుడిదో తెలిస్తే బండి లెగుస్తాదా? అవునా, కాదా?"

"...కాదు."

"మూత ఇరిగిపోనాదని మీకు సెప్పిన రోజే కొత్తది వచ్చిందా? అవునా, కాదా?"

గిరిబాబు జీపు వైపు చూశాడు. జీపు ఏమీ చెప్పలేదు. "కాదు," అన్నాడు మెల్లగా.

"అయితే జల్లెడ కడిగి కొత్త నూనె పోస్తాం. మజ్జాన్నానికి బండి నడుస్తాది."

గిరిబాబు వెళ్ళిపోయాక దాలయ్య మేస్త్రి దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "మావా, అది నాదే."

"తెల్సురా. మిగతా సగం బుజానేసుకుని తిరుగుతన్నావు కదా."

"మరి సెప్పలేదేటి?"

మేస్త్రి జల్లెడ కడుగుతూనే చెప్పాడు. "ముప్పై ఏళ్ళ కిందట బండి ఇప్పకుండానే డ్రైవరు తప్పని సెప్పీసేను. పెద్ద మొనగాణ్ణనుకున్నాను. ఆ సాయంత్రమే అతన్ని పంపీసేరు. మర్నాడు ఇప్పితే లోపల పైపు సిరిగిపోయున్నాది, పాతదైపోయి. పార్వతీపురం వైపు మనిషట. రెండుసార్లు ఎల్లి ఎతికేను. దొరకలేదు. అప్పుడు రాసేను ఈ అట్ట."

"సరే మావా. ఇంజను ఆడతన్నా డీజిలు ఉన్నాదా అంటావు, అదేటి మరి?"

"ఇంజను ఆడతంటే డీజిలు ఉన్నట్టేనని నాకు తెల్దనుకున్నావేట్రా? కోపంగా వచ్చినోడు ఆ ప్రశ్నకి నా మీద ఇసుక్కుంటాడు. ఆలోగా డ్రైవరు కాసింత ఊపిరి తీసుకుంటాడు."

ఇన్నాళ్ళూ తను పళ్ళు నూరింది దేనికో తలుచుకుంటే దాలయ్యకి సిగ్గేసింది.

మధ్యాహ్నం బండి లేచింది. అన్నాల వేళకి దాలయ్య షెడ్డు దాటి, క్యారేజీ పట్టుకుని రోలర్ నీడకి వెళ్ళాడు. మేస్త్రి అనుమానంగా చూశాడు.

"షెడ్డులో సోటు లేదా?"

"ఉన్నాది."

"ఎవులితోనైనా గొడవడ్డావా?"

"లేదు."

"బండి మళ్ళీ ఆగిపోనాదా?"

"లేదు మావా."

మేస్త్రి దగ్గర ప్రశ్నలు అయిపోయాయి. పక్కకి జరిగి చోటిచ్చాడు. దాలయ్య భార్య జగ్గమ్మ ఎండు నెత్తళ్ళ చేపలు, వంకాయ కలిపి వండి పంపింది. అందులో సగం క్యారేజీ మూతలో వేసి ఆయన ముందుకి తోశాడు.

మేస్త్రి ఒక ముద్ద నోట పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"ఉప్పెక్కువైపోనాది," అని ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా తేల్చేసి, మూత ఖాళీ చేసి మళ్ళీ దాలయ్య ముందుకి జరిపాడు, ఇంకాస్త వెయ్యమని.