బోణీ అయ్యేదాకా

షట్టరు పైకి లేచే చప్పుడు, దాని వెనకే నీళ్ళు చల్లిన మట్టి వాసన, ఆ పైన అగరొత్తి పొగ. ఈ మూడూ ఈ వరసలో వచ్చాయంటే చాలు, నా కాళ్ళు ఒకచోట నిలవవు. ఇవాళ పొద్దున్న విజయనగరంలో, కొత్తగా చేరిన సేల్స్ ట్రైనీలను వెంటబెట్టుకుని ఒక కిరాణా కొట్టుకి ఎదురుగా, రోడ్డుకి ఇవతల నిలబడ్డాను. కొట్టు తెరిచాక కాసేపు బయటే ఉండి, ముందుగా ఎవరొస్తున్నారో, ఏం అడుగుతున్నారో చూడాలి. మా కంపెనీ శిక్షణలో మొదటి పాఠం అదే. వాళ్ళలో గడుసు పిల్ల ఒకర్తి అడిగేసింది: "ఇంత దూరం నుంచి ఏటి కనిపిస్తాది మేడమ్? కొట్లోకే ఎల్లి సూస్తే బాగుంటాది గదా?" ఏళ్ళ తరబడి ఆ పాఠం చెబుతున్నాను, ఇలా అడిగినవాళ్ళు లేరు. ఆ పాఠం ఎలా పుట్టిందో కంపెనీలో ఇప్పుడు నాకు తప్ప ఎవరికీ తెలీదు.

అది నూకరత్నం మేడమ్ పాఠం. ఎచ్చెర్లలో ఎంబీఏ ముగించి నేను ఉద్యోగంలో చేరేనాటికి శ్రీకాకుళంలో ఆవిడ సేల్స్ ఆఫీసరు. సబ్బులు, టూత్‌పేస్టులు, బిస్కెట్లు, షాంపూ ప్యాకెట్లు, ఏ కొట్లో ఏది అయిపోవచ్చిందో కొట్టువాడికంటే ముందు ఆవిడే కంగారు పడేది. పుట్టిల్లు సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ ఊరు. భర్త పోయాక ఈ ఉద్యోగంతోనే కూతుర్ని చదివించుకుంటోంది. కుర్చీ వేస్తే కూర్చునేది కాదు, టీ ఇస్తే సగం తాగి గ్లాసు పెట్టేసేది. ఆవిడ నడిస్తే నేను పరిగెత్తాల్సి వచ్చేది. అలాంటి మనిషి పొద్దున్నపూట మాత్రం కొట్టుకి ఎదురుగా కదలకుండా నిలబడేది. నాకదే వింత.

మొదటి రోజు అరసవల్లిలో సన్యాసిరావు గారి కొట్టు ముందు అలాగే నిలబడ్డాం. నా చేతిలో కొత్త బ్యాగు, మనసులో బోలెడంత తొందర. "ఎల్దామా మేడమ్?" అన్నాను. "ఆగవే. సూడు" అంది. "ఏటి సూడాలి?" "ఆ ఆటో అతను సూడు. బన్ను కొన్నాడు, తిన్లేదు, జేబులో ఎట్టుకున్నాడు. కళ్ళు సూడు, ఎర్రగా ఉన్నాయి. రాత్రంతా తోలినట్టున్నాడు." నిజమే, నేను ఆటోని చూశానుగానీ మనిషిని చూడలేదు. అబ్బ, ఇదీ మార్కెట్ స్టడీ అంటే, అనుకుని మురిసిపోయాను. ఇంటికెళ్ళి అమ్మకి కూడా గొప్పగా చెప్పాను.

ఆ వేసవిలోనే కంపెనీ ఎనర్జీ డ్రింకు వదిలింది. హెడ్డాఫీసు వాళ్ళ ప్లాను కాలేజీలు, జిమ్ములు, కండలు తిరిగిన కుర్రాడి బొమ్మతో నిలువెత్తు పోస్టర్లు. డబ్బాలు ఫ్రిజ్జుల్లో వరసగా నిలబడ్డాయి, అలాగే నిలబడిపోయాయి. పోస్టరు చుట్టలు మోసుకుంటూ మేడమ్ విసుక్కునేది: "అలిసిపోయినోడికి కండల కుర్రోడి బొమ్మ ఏటికే? ఆడికి కూకోడానికింత జాగా కావాలి, సేతికందేలా ఏదో ఒకటి ఉండాలి. ఫ్రిజ్జు ఎనకాల దాసేస్తే ఆడు ఎతుక్కుంటాడేటి?" డబ్బాలను టీ గ్లాసుల పక్కకి, బన్నుల సీసా పక్కకి మార్పించాలని ఆవిడ పట్టు. నెలాఖరు మీటింగులో ఈ మాట చెబితే ఏరియా మేనేజరు నవ్వేసి, ముందు ఫోన్లో యాప్ సంగతి చూసుకోమన్నాడు.

ఆ యాప్ ఆవిడ పాలిట శనిలా దాపురించింది. తొమ్మిదిలోపు మొదటి కొట్లో అడుగుపెట్టినట్టు అది చూపించాలి. మేడమ్ పేరు పక్కన రోజూ ఎర్ర గుర్తే. ఒకరోజు స్పీకర్లో మేనేజరు గొంతు నాకూ వినబడింది: ఈ నెల కూడా ఇలాగే ఉంటే టౌను వేరేవాళ్ళకి ఇచ్చేస్తాం. ఇచ్చేస్తే జీతం సగమైపోతుంది, కూతురి ఇంజనీరింగు మధ్యలో ఆగిపోతుంది. నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు సన్యాసిరావు గారు ఇంకా నీళ్ళు చల్లుతుండగానే "ఇప్పుడే ఎల్దాం రండి మేడమ్" అంటూ చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించేశాను. ఆవిడ "వద్దే, వద్దే" అంటూనే ఉంది.

సన్యాసిరావు గారు మంచి మనిషి. చేతిలో చెంబుతో అలాగే ఆగిపోయాడు. ఆవిడ ముఖం చూసి, వెంటనే తల దించుకున్నాడు. "ఒక్క నిమిషం ఆగమ్మా. ఇంకా బోణీ అవ్వనేదు." మొగుడు పోయిన మనిషితో రోజు మొదలైతే వ్యాపారం సాగదని ఒక నమ్మకం ఉంది కదా, అదీ సంగతి. "అలాగే బాబూ" అని మేడమ్ వెనక్కి వచ్చేసింది, ఏమీ జరగనట్టు. అప్పటిదాకా నేను మార్కెట్ స్టడీ అనుకున్నదేమిటో ఆ క్షణాన అర్థమైంది. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఎందుకు ఊరుకున్నారు మేడమ్? నాలుగు దులిపెయ్యాలి గదా!" అన్నాను. "దులిపేస్తే? ఆ రోజు యాపారం తగ్గిందంటే నా మొకమే తలుసుకుంటాడు. రేపు మళ్ళీ ఆడికే గదా సబ్బులు అమ్మాలి" అంది. తర్వాత నా వైపు చూడకుండా, "నిలబడ్డ టయం ఊరికే పోనియ్యలేదు గదేటే" అంది.

నేనే ముందు వెళ్ళి ఆవిడ ఫోన్లో నమోదు చేస్తానన్నాను. కసిరింది. మూడోనాడు చీకటితోనే బండి తియ్యమంది. తిన్నగా వాళ్ళ పుట్టింటి ఊరికి తీసుకెళ్ళింది. అప్పుడే పడవలు ఒడ్డుకి వస్తున్నాయి. వలలు దులిపేవాళ్ళు, ఐసు బండ్ల డ్రైవర్లు, గంపలెత్తుకునే ఆడవాళ్ళు, అందరూ రాత్రంతా మేలుకున్నవాళ్ళే. ఇసకలో పాకలాంటి టీ కొట్టు, పోలమ్మ పిన్నిది. "పిన్నీ, బోణీ అయ్యిందేటి?" అని గుమ్మానికి ఇవతలే ఆగింది మేడమ్. "నేదు. రాయే, అక్కడే నిలబడిపోనావేటి?" "నేను సెయ్యొచ్చా మరి?" పోలమ్మ పిన్ని నడుం మీద చేతులేసుకుంది. "ఓసోసి, టౌనుకెల్లి బాగా సెడిపోనావే! ఈ ఊళ్ళో సగం మందిమి అలాగే ఉన్నాం. నిన్ను కాదంటే ఇంకెవులు సేత్తారే బోణీ?"

మేడమ్ తన సంచిలోంచి ఎనర్జీ డ్రింకుల పెట్టె తీసి, బన్నుల పక్కన పేర్చింది. అందులోంచి ఒకటి తీసుకుని తనే నోటు ఇచ్చింది. పోలమ్మ పిన్ని ఆ నోటుని రెండు కళ్ళకీ అద్దుకుని, నుదుటికి ఆనించి, చిల్లర డబ్బాలో వేసింది. నేను మేడమ్ ముఖం చూశాను. ఆవిడ డబ్బాలో పడిన నోటునే చూస్తూ ఉండిపోయింది. ఆ తర్వాత ఇసకలో చతికిలబడి టీ మొత్తం తాగింది. ఆవిడ కూర్చోగా నేను చూడటం అదే మొదటిసారి.

ఆ రోజు నుంచి మా రూటు ఒడ్డు నుంచే మొదలైంది. యాప్‌లో ఎర్ర గుర్తు పోయింది. పడవల వాళ్ళు, ఐసు బండ్ల వాళ్ళు డబ్బాలు కొనడం మొదలుపెట్టారు, వాళ్ళని చూసి టౌనులో ఆటోవాళ్ళు. టౌను మేడమ్ దగ్గరే ఉండిపోయింది. మేనేజరు దిగివచ్చి, ఈ ఉపాయం ఎలా తట్టిందమ్మా అని అడిగాడు. "కొట్లకి ఎదురుగా నిలబడి సూసేను సార్" అంది. ఆయన అది రాసుకెళ్ళి, కంపెనీ అంతటికీ పాఠం చేశాడు. మేడమ్ నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఇప్పటికీ రాదు.

పోయినేడు మేడమ్ జబ్బు చేసి పోయింది. కూతురు ఉద్యోగంలో స్థిరపడటం చూసే పోయింది, అదొక్కటే తృప్తి. కర్మ అయ్యాక నేను అరసవల్లి వెళితే సన్యాసిరావు గారు కళ్ళు తుడుచుకున్నాడు. "ఆవిడ ఏసిన సరుకు ఏనాడూ మిగల్నేదమ్మా. సెయ్యి మంచిది." ఎంత ఆపుకున్నా నోరు ఆగలేదు. "ఆ మాటేదో ఆవిడ ఉన్నప్పుడు ఒక్క పొద్దున్న అనుంటే మీ సొమ్మేం పోయేది బాబూ?" అనేశాను. ఆయన సరిగ్గానే ఉన్న సీసాలని మళ్ళీ సర్దుకుంటూ ఉండిపోయాడు.

ఇవాళ ఆ పిల్ల ఇంకా నా ముఖంలోకే చూస్తోంది. "ఎందుకు మేడమ్ ఇక్కడ నిలబడటం?" అని మళ్ళీ అడిగింది. ఎదురుగా కొట్టాయన అగరొత్తి తిప్పుతున్నాడు, ఇంకా ఎవరూ రాలేదు. "మా మేడమ్‌ని లోపలికి రానివ్వలేదమ్మా. అందుకని ఇక్కడ నిలబడింది" అన్నాను. ఆ పిల్ల ఇంకేదో అడగబోయింది. రోడ్డు దాటాక చెబుతాను పదమన్నాను.